ఆయన ఫోన్ కలవని మూడు రోజులకు ఇంటిని సిద్ధం చేసుకోవడం

ప్రశ్న: మా ఆయన ఆర్మీలో హవల్దార్, ఇప్పుడు ఫీల్డ్ పోస్టింగ్. నేను హన్మకొండలో హంటర్ రోడ్డు దగ్గర గ్రౌండ్ ఫ్లోర్‌లో కిరాయికి ఉంటున్నా. ఇద్దరు పిల్లలు, ఇన్సులిన్ మీద ఉన్న అత్తమ్మ. 2023 లాగా మళ్లీ వరదొచ్చినా, ఇంట్లో ఎవరికన్నా సీరియస్ అయినా ఏం చేయాలో తెలియడం లేదు. వానాకాలం ముందు ఆయన సెలవు మీద వస్తున్నారు. ఏమేం చేయించుకోవాలి?

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఒక లెక్క చూడండి. ఇక్కడ ఏదన్నా జరిగితే ఆయనకు కబురు అందాలి, సెలవు మంజూరు కావాలి, పోస్టు నుంచి కిందికి దిగాలి, రైలెక్కాలి. కొండల మీది పోస్టుల్లో ఉన్నవాళ్లు కాజీపేటలో దిగేసరికి, అన్నీ కలిసొస్తేనే మూడు రోజులు. వాన ముదిరితే రైలూ నమ్మకం కాదు. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, కట్ట కొట్టుకుపోయి విజయవాడ వైపు దారి మొత్తం ఆగింది. అరుణాచల్, అస్సాం నుంచి విజయవాడ మీదుగా వచ్చేవాళ్లకు అదే దారి.

ఇంకోటి, వరంగల్‌లో కంటోన్మెంట్, అంటే సైన్యం ఉండే ప్రాంతం, లేదు. సికింద్రాబాద్ క్వార్టర్లలో ఉన్నవాళ్లకు స్టేషన్ హెడ్‌క్వార్టర్స్, మిలిటరీ హాస్పిటల్, పక్క గుమ్మంలో ఇంకో ఫౌజీ కుటుంబం ఉంటాయి. మీకు అవన్నీ దాదాపు 140 కిలోమీటర్ల అవతల. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలకు సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్ అడిగే వీలుంది, కానీ వరుసలో నిలబడాలి. పోవాలనుకుంటే దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి. ఉండేది ఇక్కడే అనుకుంటే, మీరు తయారు చేసుకోవాల్సింది టార్చిలైటూ బిస్కెట్ల సంచీ కంటే ముందు వేరే ఉంది. ఆయన సంతకం, ఆయన ఓటీపీ, ఆయన "సరే" అనే మాట లేకుండా మూడు రోజులు ఇల్లు నడవాలి. కింద చెప్పేవన్నీ దానికోసమే.

బ్యాంకు నుంచి మొదలుపెట్టండి. జీతం ఖాతా ఆయన పేరు మీద, దానికి ముడిపడిన ఫోన్ నంబరు ఆయన జేబులో ఉంటే, ఏటీఎం కార్డు మీ దగ్గరున్నా సగం చేయే ఉన్నట్టు. మన దగ్గర కొన్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. చాలామంది అక్కడ కొత్త సిమ్ తీసుకుని పాతదాన్ని ట్రంకుపెట్టెలో పడేస్తారు. రీఛార్జి లేక అది మూగబోతుంది, బ్యాంకు ఓటీపీలన్నీ ఆ మూగ నంబరుకే పోతుంటాయి. ఈ సంగతి మామూలు రోజుల్లో తెలియదు, హాస్పిటల్ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు తెలుస్తుంది. ఆయన నంబరును పోస్ట్‌పెయిడ్‌కు మార్పించండి. దాంతోపాటు ఇద్దరి పేరు మీద "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే నడిపేలా, ఒక ఖాతా తెరిచి, దానికి మీ నంబరు, మీ కార్డు పెట్టించండి. జీతం పడ్డ రెండో రోజు ఇంటి ఖర్చు దానంతటదే ఆ ఖాతాలోకి వచ్చేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. కుదిరితే మూడు నెలల ఖర్చు అందులో కదపకుండా ఉంచండి.

ఇంట్లో ఓ పది వేలు నగదు ఉండాలి, 100, 200 నోట్లు ఎక్కువగా. కరెంటు పోయి టవర్లు ఆగితే ఫోన్‌పే లేదు, ఏటీఎం లేదు. మందుల షాపతను, ఆటో అతను 500కు చిల్లర ఇవ్వలేరు.

కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైంది పార్ట్-2 ఆర్డర్, అంటే ఇంటి వివరాలను ఆయన సర్వీసు రికార్డుల్లోకి ఎక్కించే యూనిట్ ఉత్తర్వు. మీ పెళ్లి, పిల్లల పుట్టుక, డిపెండెంట్‌గా అత్తమ్మ పేరు ఆయన సర్వీసు రికార్డుల్లో ఎక్కాయో లేదో ఆయన్ని యూనిట్ ఆఫీసులోనే చూసి రమ్మనండి. ఎక్కకపోతే రికార్డుల లెక్కలో మీరు లేనట్టే: డిపెండెంట్ కార్డు రాదు, మిలిటరీ హాస్పిటల్‌లో అడ్డుకుంటారు, రేపు పెన్షన్ దాకా తిప్పలు. మన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్, పార్ట్-2 ఆర్డర్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే సాధారణంగా ఆధార్‌ను మార్చుకోవడమే తేలిక. రికార్డుల్లో మార్పు నెలల పని.

నామినేషన్ల మాట అత్తగారింట్లో ఎత్తడం ఇబ్బందే, అయినా ఎత్తాలి. భర్తీ అయిన కొత్తలో ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌కు, ప్రావిడెంట్ ఫండ్‌కు అమ్మానాన్నల పేర్లు రాసి, పెళ్లయ్యాక మార్చడం మరిచిపోయినవాళ్లు చాలామంది. జీతం ఖాతా డిఫెన్స్ శాలరీ ప్యాకేజీలో ఉంటే దాంతో ప్రమాద బీమా కూడా వస్తుంది, దానికీ నామినీ ఉంటుంది. ఎవరికెంత వాటా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఇప్పుడు ఎవరి పేరు ఉందో మీ అందరికీ తెలిసి ఉండాలి, అంతే.

పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే మంచిదే, కానీ ఒకే కాగితం అన్నిటికీ చాలుతుందనుకోవద్దు. మామూలు వ్యవహారాలకు నోటరీ చేసింది నడుస్తుంది. బ్యాంకులు మాత్రం తమ ఫారమే అడుగుతాయి. భూమి, ఇంటి రిజిస్ట్రేషన్‌కైతే సబ్ రిజిస్ట్రార్ ముందు చేసిందే చెల్లుతుంది. అందుకని ఆయన సెలవులో ఉన్నప్పుడే చేయించాలి.

ఇవన్నీ ఒరిజినల్స్ ఒక ప్లాస్టిక్ జిప్ కవర్లో, దాన్ని ఇంకో కవర్లో వేసి, అటక మీద పెట్టండి, బీరువా కింది అరలో కాదు. ఒక జత జిరాక్సులు వేరే ఊళ్లో నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. ఆధార్ లాంటివి డిజిలాకర్‌లో పెట్టండి. డిపెండెంట్ కార్డు, సర్వీసు కాగితాల ఫొటోలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

ఇక కబురు. మీ పర్సులో, తడవకుండా, ఒక చీటీ ఉండాలి. దాని మీద ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ, యూనిట్, ఆర్మీ పోస్టాఫీసు 56 ఏపీఓనా 99 ఏపీఓనా, యూనిట్ ల్యాండ్‌లైన్, సుబేదార్ మేజర్ సాబ్ నంబరు, కంపెనీ సీనియర్ జేసీఓ (జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య ర్యాంకు) నంబరు, ఆయన సర్వీసు రికార్డులు ఉండే రికార్డ్ ఆఫీస్ ఊరు. ఆర్టిలరీ అయితే నాసిక్, ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సామాను సరఫరా విభాగం) అయితే సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. యూనిట్ నంబర్లు పోస్టింగ్ మారినప్పుడల్లా మారతాయి, చీటీ మాత్రం పాతదే ఉండిపోతుంది. ప్రతి సెలవులో తిరగ రాయండి. స్మార్ట్‌ఫోన్ నీళ్లలో పడ్డ రోజున ఒక్క నంబరూ నోటికి రాదు, అందుకే కాగితం.

యూనిట్‌కు ఫోన్ చేస్తే ఏడుపు మధ్యలో "వెంటనే పంపించండి" అని పెట్టేయడం మామూలుగా జరిగే తప్పు. అవతల ఫోన్ ఎత్తిన క్లర్కుకు పై అధికారి ముందు పెట్టడానికి ఏమీ మిగలదు. ఇలా చెప్పండి: "నంబరు ఫలానా, హవల్దార్ ఫలానా, బీ కంపెనీ. నేను భార్యను, హన్మకొండ నుంచి. ఈరోజు పొద్దున 6 గంటలకు అత్తమ్మకు ఛాతీలో నొప్పి వచ్చింది, ఫలానా హాస్పిటల్ ఐసీయూలో ఉంది. డాక్టర్ నంబరు ఇది. పిల్లలు క్షేమం. ఆయన రావాల్సిన అవసరం ఉంది." లేదా "రావాల్సిన అవసరం లేదు, తెలియజేయండి చాలు." ఈ చివరి వాక్యం చాలామంది చెప్పరు. అది లేకపోతే అక్కడ ఆయన, ఆయన పైవాళ్లు ఊహించుకుంటూ కూర్చుంటారు. వెనకే డాక్టర్ రాసిచ్చిన కాగితం ఫొటో పంపండి. వరద, ఇల్లు కూలడం లాంటివైతే తహసీల్దార్ ఆఫీసు నుంచో, పోలీస్ స్టేషన్ నుంచో, సర్పంచ్ దగ్గరనుంచో ఒక కాగితం. ఇది మీమీద అనుమానంతో అడిగేది కాదు, సెలవు ఫైల్లో పెట్టడానికి. దారి తోచకపోతే వరంగల్‌లోని ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయానికి పోండి. యూనిట్‌కు, జిల్లా అధికారులకు మధ్య మాట చేర్చడం వాళ్ల పనిలో భాగమే.

ఆయనకు చెప్పకుండా దాచడం ఇంకో తప్పు. మంచి మనసుతోనే దాస్తారు. కానీ ఊరి గ్రూపులో ఎవరో మునిగిన వీధి వీడియో పెడతారు, అది ఆయనకు చేరుతుంది, మీ ఫోన్ కలవదు. అందుకే బయటి ఊరి మనిషిని ఒకరిని పెట్టుకోండి. కరీంనగర్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉన్న అన్న, మేనమామ, ఎవరైనా సరే, వరంగల్ వాన తగలని చోట ఉండాలి. మీరు ఆ ఒక్కరికే ఎస్సెమ్మెస్ పెడతారు, ఆయనా ఆ ఒక్కరికే ఫోన్ చేస్తారు. ఆయనకు దొరికేది రెండు నిమిషాల ఫోన్ అయితే, కలవని మీ నంబరుకు పదిసార్లు కొట్టే బదులు ఒక్క కాల్‌లో సంగతి తెలుస్తుంది. కాల్ పోని సిగ్నల్‌లో కూడా ఎస్సెమ్మెస్ చాలాసార్లు పోతుంది. ఒక కీప్యాడ్ ఫోన్, వేరే కంపెనీ సిమ్‌తో, ఛార్జింగ్ పెట్టి ఉంచండి. బ్యాటరీ రోజుల తరబడి నిలుస్తుంది.

వైద్యం విషయంలో ఒక గందరగోళం తీర్చుకోండి. ఈసీహెచ్ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం రిటైరైనవాళ్లకు. వరంగల్‌లో పాలీక్లినిక్ ఉంది కదా అని సర్వీసులో ఉన్నాయన కుటుంబం నేరుగా దానిమీద ఆధారపడొద్దు. మీ హక్కు మిలిటరీ హాస్పిటల్, దగ్గరిది సికింద్రాబాద్ తిరుమలగిరిలో. ప్రాణం మీదికొచ్చినప్పుడు అక్కడిదాకా తీసుకుపోవాలని చూడొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని దవాఖానకే పోండి. అదే రోజు, ఎంత ఆలస్యమైనా 48 గంటల లోపల, యూనిట్‌కూ మిలిటరీ హాస్పిటల్‌కూ తెలియజేయండి. డాక్టర్ చేత ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాయించుకోండి, డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, మందుల చీటీలు అన్నీ దాచండి. బిల్లు వెనక్కి రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం జబ్బు కాదు, కబురు ఆలస్యం, లేదా ఒరిజినల్ పోవడం.

అత్తమ్మ ఇన్సులిన్‌కు వరద కంటే కరెంటు కోత పెద్ద గండం. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది గది చల్లదనంలో, 30 డిగ్రీలు దాటకుండా, నాలుగు వారాలు ఉంటుంది. కరెంటు పోతే మట్టికుండలో అడుగున నీళ్లు పోసి, లోపల చిన్న గిన్నెలో ఇన్సులిన్ పెట్టి, తడిగుడ్డ కప్పండి. ఐస్‌కు ఆనించి పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు, తర్వాత కరిగినా సరే. వరద రోజుల్లో పెద్దవాళ్లు తిండి తగ్గిస్తారు, సూది మాత్రం అలవాటు ప్రకారం వేసుకుంటారు, షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. తిండి తగ్గినప్పుడు డోసు ఎంత అన్నది ఇప్పుడే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, రోజువారీ మాత్రలు 15 రోజులవి ఎప్పుడూ నిల్వ ఉండాలి.

ఇప్పుడు వాన. మన దగ్గర నీళ్లు రెండు రకాలుగా వస్తాయి, రెండింటికీ ఒకే తయారీ పనికిరాదు. ఏటూరునాగారం, మంగపేట వైపు గోదావరి గంటల తరబడి, రోజుల తరబడి పెరుగుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో 71 అడుగులు దాటినా, సర్దుకుని పోయే టైమ్ జనానికి దొరికింది. వాగు అలా కాదు. 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి తెల్లారేసరికి నీళ్లలో ఉంది, జనం మిద్దెలెక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మీ హంటర్ రోడ్డు ఈ రెండో రకం. బొందివాగు, నయీంనగర్ నాలా పొంగితే గంటల్లోనే వీధిలోకి వస్తాయి. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. వాన ఆగినా పై చెరువులు మత్తడి దుంకుతూనే ఉంటాయి, కింద నీళ్లు పెరుగుతూనే ఉంటాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది కూడా పెద్ద వాన తర్వాతే. ఆకాశం తేరుకుంది కదా అని ఇంటికి తిరిగొచ్చి ఇరుక్కునేది ఇక్కడే.

అందుకని ఎప్పుడు బయల్దేరాలో ఇప్పుడే తేల్చుకుని గోడమీద రాసుకోండి. అప్పటికప్పుడు ఆయన్ని ఫోన్‌లో అడిగి తేల్చుకునేది కాదిది. ఒకటి, రెడ్ అలర్ట్ ఉండి చీకటి పడబోతుంటే, నీళ్లు రాకపోయినా పోవడమే. రెండు, వీధిలో నీళ్లు మీ మొదటి మెట్టును తాకితే, ఏ టైమైనా బయల్దేరడమే. మూడు, మున్సిపాలిటీ మైకులో చెబితే ఎదురు ప్రశ్న లేదు. పోయేది ఎక్కడికి? దూరం పోగలిగితే ఎత్తు మీదున్న చుట్టాలిల్లు, పోలేకపోతే ఓనర్ పై అంతస్తు. పైకి పోయే తాళంచెవి ఒకటి మీ దగ్గర ఉండేలా ఓనర్‌తో ఇప్పుడే మాట్లాడండి. పారే నీళ్లు మోకాలు కూడా రానక్కర్లేదు, అర అడుగు ఉద్ధృతంగా పారితే పెద్దమనిషి కాళ్లు నిలవవు. అడుగు నీళ్లలో చిన్న కారు తేలిపోతుంది. కాజ్‌వే మీద పారుతుంటే, ముందు వెళ్లిన లారీని చూసి స్కూటీ దింపొద్దు.

ఇల్లు వదిలేముందు మెయిన్ ఆపండి, తడి చేత్తో కాదు. ఆ తర్వాత చాలామంది మరిచిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ నడుస్తుంటే సాకెట్లలో కరెంటు ఉంటుంది, బోర్డు దాకా నీళ్లొస్తే అదే ప్రాణం తీస్తుంది. దాన్నీ ఆపండి. బ్యాటరీని స్టాండు మీద నడుము ఎత్తుకు పెట్టించుకోండి. గ్యాస్ రెగ్యులేటర్ ఆపి విప్పండి, సిలిండర్‌కు మూత పెట్టి కిటికీ ఊచలకు తాడుతో కట్టండి. ఖాళీదైతే బెండులా తేలి తలుపులు పగలగొడుతుంది.

నీళ్ల లెక్క మనిషికి రోజుకు 4 లీటర్లు. మీ నలుగురికి మూడు రోజులకు 48, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు, పై అంతస్తులో. ట్యాంకుకు పోయే పైపు వాల్వు ముందే కట్టేయండి, మోటారు వేయొద్దు. సంప్ మునిగిందంటే అందులో ఉన్నది డ్రైనేజీ నీళ్లే. క్లోరిన్ బిళ్ల వేసేటప్పుడు స్ట్రిప్పు మీద ఎన్ని లీటర్లకో చూసి, నీళ్లు వడగట్టి, అరగంట ఆగి తాగండి. బురద నీళ్లలో క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటర్ నీళ్లకు, మొత్తం ఒకేసారి కలపాలి. చిన్నపిల్లలకని గ్లాసులో అంచనాగా కొంచెం వేస్తే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. తిండికి అటుకులు, పుట్నాలు, బెల్లం చాలు, దాని గురించి పెద్దగా ఆలోచించొద్దు.

నీళ్లు తీశాక ఊడ్చే ముందే గోడమీద నీటి గీత, మునిగిన సామాను ఫొటోలు తీయండి, తహసీల్దార్ మనుషులు రాసుకోవడానికి వచ్చినప్పుడు అదే సాక్ష్యం. సంప్ తోడేసి, రుద్ది, నింపి, 1000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేసి 12 గంటలు ఉంచి, మొత్తం పారబోసి మళ్లీ నింపండి. పౌడర్‌ను బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైనున్న తేటనే పోయాలి. కిందటేడు విప్పిన ప్యాకెట్ పనిచేయదు, అందులో క్లోరిన్ ఉండదు. వరద తర్వాత పాములు ఇళ్లలోకి వస్తాయి, కింద పడుకోవద్దు. కట్లపాము కాటు సూది గుచ్చినట్టే ఉంటుంది, వాపూ ఉండకపోవచ్చు. కట్లు బిగించడం, కోయడం వద్దు. కాలు కదలనీయకుండా ఎంజీఎం దవాఖానకు తీసుకుపోవాలి.

సరిహద్దులో గొడవల టైమ్‌లో ఇంకో రకం ఫోన్లు వస్తాయి. "మీ ఆయనకు దెబ్బ తగిలింది, హాస్పిటల్‌లో ఉన్నాడు, ఈ నంబరుకు డబ్బు పంపండి" అని హిందీలో, ఆయన ర్యాంకుతో సహా చెబుతారు. గాయపడ్డ జవాన్ వైద్యానికి సైన్యం ఇంటివాళ్లను డబ్బు అడగదు. పెట్టేసి, చీటీ మీది యూనిట్ నంబరుకు మీరే చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. ఆయన ఎవరి చేతైనా కబురు పంపాల్సి వస్తే వాడే ఒక మాట మీ ఇద్దరి మధ్య అనుకుని ఉంచుకోండి. పిల్లల్ని బడి నుంచి తీసుకుపోయే మనిషికీ అదే పద్ధతి. మీరు కాకుండా ఎవరెవరు రావచ్చో ఇద్దరి పేర్లు బడిలో రాసివ్వండి.

సెలవు సంగతి చివరగా. బ్యాంకు, సబ్ రిజిస్ట్రార్, ఆధార్ సెంటర్ పనులు మొదటి వారంలోనే పెట్టుకోండి. తర్వాత పెళ్లిళ్లు, చుట్టాలు, ఆఖరి వారం టికెట్లు, సామాను, అంతే. మధ్యలో ఒక సాయంత్రం ఆయన ఇంట్లో ఉండగానే మెయిన్ ఆపి, ఆయన ఫోన్ పక్కన పెట్టించి, మూడు గంటలు మీరే నడపండి: చీటీ చూసి బయటి ఊరి మనిషికి ఎస్సెమ్మెస్, మీ కార్డుతో ఏటీఎం నుంచి డబ్బు, అత్తమ్మను మెట్లెక్కించి పైకి తీసుకుపోవడం. ఆయన కుర్చీలో కూర్చుని చూడాలి, నోరు విప్పొద్దు. మెయిన్ స్విచ్ తుప్పుపట్టి దిగదు, టార్చి సెల్లు కారిపోయి ఉంటుంది, పై తాళంచెవి ఏ గూట్లో పెట్టారో గుర్తుండదు. ఏది ఆగిందో రాసుకుని, ఆయన వెళ్లేలోపు దాన్ని బాగు చేయించండి.